రిటైర్మెంట్ తేదీ మొదటి రోజే తెలుసు, మరి తర్వాతి మనిషి ఎందుకు సిద్ధంగా లేడు?

ఉద్యోగంలో చేరిన రోజే సర్వీస్ రిజిస్టర్ మొదటి పేజీలో పుట్టిన తేదీ ఎక్కుతుంది. ఎవరు ఏ నెలాఖరుకి దిగిపోతారో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఏ జూనియర్ అసిస్టెంట్‌ని అడిగినా చెప్పేస్తారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెల చివరి రోజే వెళ్లిపోతారన్న సంగతితో సహా వాళ్లకి తెలుసు. ఇంత ముందుగా తెలిసే విషయం ఆఫీసు జీవితంలో ఇంకొకటి లేదు. అయినా మా యూనివర్సిటీలోనూ, పని మీద వెళ్లి చూసిన మిగతా రాష్ట్ర యూనివర్సిటీల్లోనూ, ఒక సూపరింటెండెంటో అసిస్టెంట్ రిజిస్ట్రారో రిటైరైన మర్నాటి నుంచి సెక్షన్ మొత్తం తల పట్టుకుని కూర్చుంటుంది. ఫలానా ఫైలు ఎక్కడుంది, ఫలానా కాలేజీ అఫిలియేషన్ ఎందుకు ఆగింది, యూజీసీ గ్రాంటు ఖర్చుకి లెక్క చూపే ఆ యుటిలైజేషన్ సర్టిఫికెట్ అసలు పంపామా లేదా, ఏదీ ఎవరికీ తెలియదు. నెలరోజుల పాటు రిటైరైన ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది. మొదట్లో ఓపిగ్గా చెప్తారు, తర్వాత తర్వాత మనవడిని స్కూల్లో దింపడానికి వెళ్లాననో, ఊళ్లో ఉన్నాననో అంటారు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు, ఉద్యోగం అయిపోయింది కదా.

నేను జూనియర్ అసిస్టెంట్‌గా చేరి పరీక్షల విభాగం, అకడమిక్ సెక్షన్, ఎస్టాబ్లిష్‌మెంట్ అన్నీ తిరిగి ఇక్కడిదాకా వచ్చాను. ఒక కుర్చీలోకి తర్వాత వచ్చేవాళ్లని ముందే తయారుచేసుకోవడాన్ని కంపెనీలవాళ్లు సక్సెషన్ ప్లానింగ్ అంటారు. యూనివర్సిటీల్లో ఆ పనిని అసలు మొదలుపెట్టకుండానే "మన దగ్గర కుదరదు" అని తీసిపారేస్తున్నారు. అది సరికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కుదరదనేవాళ్లు చెప్పే కారణం ఒకటే. మన దగ్గర ప్రమోషన్ సీనియారిటీ ప్రకారం, రిజర్వేషన్ల రోస్టర్ ప్రకారం, డీపీసీ అనే ప్రమోషన్ల కమిటీ కూర్చుని ఇచ్చేది. ఫలానా అబ్బాయి చురుగ్గా ఉన్నాడు, వీణ్ని రేపటి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా తయారుచేద్దాం అని ఎవరూ అనుకోలేరు, అనుకుంటే పక్షపాతం అంటారు, యూనియన్ వాళ్లు ఊరుకోరు, కోర్టుకి కూడా వెళ్తారు. నిజమే. కానీ ఆ సీనియారిటీ లిస్టే మనకి పని సులువు చేస్తోందని ఎందుకు చూడరు? ఒక కంపెనీలో ఆ కుర్చీలోకి ఎవరొస్తారో తెలియదు, బయటి నుంచి కూడా రావొచ్చు. మన దగ్గర వచ్చే ఐదేళ్లలో ఏ సీటులోకి ఎవరు రాగలరో లిస్టు చూసి ముగ్గురు నలుగురి పేర్లు చెప్పేయొచ్చు. ఎవరినీ ఎంచుకోనక్కర్లేదు. ఆ నలుగురికీ పని నేర్పితే చాలు, అందులో ఎవరు వచ్చినా సెక్షన్ నడుస్తుంది.

ఏం నేర్పాలి అన్నది బయటివాళ్లకి అర్థం కావాలంటే పరీక్షల విభాగంలో ఒక ఫైలు చూడాలి.

1990ల్లో డిగ్రీ చదివి ఇప్పుడు డాలస్‌లోనో టొరంటోలోనో స్థిరపడ్డ ఒకాయన ట్రాన్‌స్క్రిప్ట్, అంటే యూనివర్సిటీ ఇచ్చే మార్కుల అధికారిక పత్రం, కోసం అప్లై చేస్తాడు. చదువు మదింపు చేసే అక్కడి సంస్థకి మన యూనివర్సిటీ నుంచి సీలు వేసిన కవరు వెళ్లాలి, అదీ వాళ్లు పెట్టిన గడువులోగా. మన తెలుగువాళ్లలో బయటికి వెళ్లేవాళ్లు ఎంతమందో చూస్తే ఇలాంటి అప్లికేషన్లు ఎన్ని వస్తాయో ఊహించుకోవచ్చు. సరే, పాత టీఆర్, అంటే ట్యాబులేషన్ రిజిస్టర్, తీసి చూస్తారు. ఆ పెద్ద బౌండు పుస్తకాలు ముట్టుకుంటే అంచులు రాలిపోతుంటాయి. ఆయన పంపిన మెమోలో ఫిజిక్స్‌లో 41 అని ఉంది, పాసయ్యాడు. టీఆర్‌లో అదే పేపర్‌కి 29 అని ఉంది, ఫెయిల్. కొత్తగా సీటులోకి వచ్చిన మనిషి ఏమనుకోవాలి? దొంగ సర్టిఫికెట్లు పట్టుబడుతున్న రోజులు ఇవి, కాబట్టి అనుమానించడం తప్పు కాదు. ఫైలు మీద "రికార్డుతో సరిపోవడం లేదు" అని రాసి పైకి పెడతారు. అక్కడ విదేశంలో ఉన్న మనిషి ఉద్యోగమో, వీసా కాగితమో ప్రమాదంలో పడుతుంది.

అసలు సంగతి ఏమిటంటే ఆయన రీవాల్యుయేషన్ పెట్టుకున్నాడు, మార్కులు పెరిగాయి. ఆ ఏడాది రీవాల్యుయేషన్ ఫలితాలు టీఆర్‌లో ఎర్రసిరాతో దిద్ది ఇనీషియల్ వేయాల్సింది, పని ఒత్తిడిలో కొన్ని కాలేజీలవి దిద్దలేదు, విడిగా ఒక రిజిస్టర్‌లో మాత్రం ఎక్కించారు. ఆ విడి రిజిస్టర్ అనేది ఒకటుందని, అది మెయిన్ రికార్డ్ రూములో కాక మెట్ల కింద గదిలో ఇనప బీరువాలో ఉంటుందని సెక్షన్‌లో ఒక్క సూపరింటెండెంట్ గారికే తెలుసు. ఆయన ఉన్నన్నాళ్లు ఇలాంటి ఫైలు వస్తే కుర్చీలోంచి లేచి వెళ్లి రిజిస్టర్ తెచ్చి పేజీ తీసి చూపించేవారు, పది నిమిషాల పని. ఆయన దిగిపోయాక అలాంటి ఫైలు ఒకటి నెలల తరబడి తిరిగింది. అప్లై చేసిన మనిషి తప్పేమీ లేదు. సీటులో కొత్తగా కూర్చున్న అమ్మాయి తప్పు కూడా లేదు, ఆ రిజిస్టర్ ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటివి ఒక్కో సెక్షన్‌లో పదులకొద్దీ ఉంటాయి. తెలంగాణ యూనివర్సిటీల్లో డిగ్రీకి 2016-17లో సీబీసీఎస్ అనే క్రెడిట్ల పద్ధతి, సెమిస్టర్ పద్ధతి వచ్చాయి. అంతకుముందు ఏడాదికోసారి పరీక్షలు. పాత పద్ధతిలో ఒకటో రెండో సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్లు వన్‌టైమ్ ఛాన్స్ నోటిఫికేషన్ పడగానే వస్తారు, పెళ్లై పిల్లలు కాలేజీకి వచ్చినవాళ్లు కూడా వస్తారు. వాళ్ల పాత పేపర్‌కి ఇప్పుడు ఏ పేపర్ సమానం, ఏ బ్యాచ్‌కి ఏ సిలబస్, మోడరేషన్ నిబంధన అప్పట్లో ఎలా ఉండేది, ఇవన్నీ ఎక్కడో తీర్మానాల్లో ఉంటాయి, కానీ ఏ తీర్మానంలో ఉన్నాయో కొందరి బుర్రల్లోనే ఉంటుంది.

ఛార్జ్ అప్పగించేటప్పుడు ఇవేమీ రావు. ఛార్జ్ లిస్టులో ఏముంటుంది? బీరువాలు ఎన్ని, తాళాలు ఎన్ని, కంప్యూటర్, ప్రింటర్, పెండింగ్ ఫైళ్ల నంబర్లు. ఇద్దరూ సంతకం పెడతారు, కాపీ పర్సనల్ ఫైలులో చేరుతుంది. ఫలానా ఫైలు ఎందుకు పెండింగ్, ఎవరితో మాట్లాడితే కదులుతుంది, ఇంతకుముందు ఇలాంటి కేసులో ఏ నిర్ణయం తీసుకున్నారు అన్న మాట ఒక్కటి ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో వచ్చిన ఆఫీసు పద్ధతుల్లోనే దీనికి మందు ఉంది. స్టాక్ ఫైల్ అని, ప్రతి సబ్జెక్టుకీ ముఖ్యమైన ఉత్తర్వులన్నీ ఒకచోట వరసగా పెట్టేవారు. సీటు మారినా స్టాక్ ఫైల్ సీటులోనే ఉండేది. పాతకాలం గుమస్తాలు దాన్ని కంటికి రెప్పలా చూసుకునేవారు. ఇప్పుడు ఈ-ఆఫీస్ వచ్చింది, ఫైలు ఎవరి లాగిన్‌లో ఎన్నాళ్లుందో తెలుస్తుంది, మంచిదే, కానీ స్టాక్ ఫైల్ రాసే అలవాటు మాత్రం చాలా చోట్ల పోయింది. మళ్లీ మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు.

అయితే కాగితం మీద రాసిపెట్టడం సగం పనే. మిగతా సగం, చేయి పట్టుకుని చేయించడం. మా దగ్గర ఒక సెక్షన్‌లో రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఒక సూపరింటెండెంట్ గారు తనంతట తానే ఒక పని చేశారు. కింద ఉన్న జూనియర్ అసిస్టెంట్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తను చెప్తుంటే రాయమనలేదు. కొత్తగా వచ్చిన కాగితం (ఆఫీసులో కరెంట్ అంటాం) ఆమెకిచ్చి, "నువ్వు చదివి నోట్ నువ్వే పెట్టమ్మా, ఏం చేయాలనుకుంటున్నావో కూడా రాయి" అన్నారు. ఆమె భయపడింది. "సార్, నేనే ప్రపోజల్ రాస్తే డిప్యూటీ రిజిస్ట్రార్ గారు ఏమైనా అంటారేమో." "అంటే నన్నంటారు. నువ్వు రాయి." మొదట్లో ఆమె పెట్టిన నోట్లు అన్నీ "తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అన్న ఒక్క వాక్యంతో ముగిసేవి. అంటే నిర్ణయం పైవాళ్ల మీదికి నెట్టేయడం, మన ఆఫీసుల్లో అందరం చేసేదే. ఆయన ఆ వాక్యం కొట్టేసి పక్కన పెన్సిల్‌తో "నీ అభిప్రాయం?" అని రాసి వెనక్కి పంపేవారు. మళ్లీ మళ్లీ పంపేవారు. కొన్నాళ్లకి ఆమె రూలు నంబరు వేసి, పాత కేసు చూపించి, ఇలా చేయొచ్చు, ఇలా చేస్తే ఈ ఇబ్బంది ఉంది అని రాయడం మొదలుపెట్టింది. తర్వాత ఆయన మోకాలి ఆపరేషన్‌కి సెలవు మీద వెళ్లారు, సప్లిమెంటరీ పరీక్షల నోటిఫికేషన్ సరిగ్గా అప్పుడే ఇవ్వాల్సి వచ్చింది, ఆమె ఇచ్చింది, ఏ ఇబ్బందీ రాలేదు.

నేర్పడం అంటే నా ఉద్దేశంలో ఇది. పెద్దవాళ్లు సీటులో ఉండగానే చిన్నవాళ్లు నిర్ణయం తీసుకోవాలి, తప్పు పోతే దిద్దడానికి మనిషి పక్కన ఉండాలి. రిటైరయ్యాక ఫోన్‌లో అడిగి తెలుసుకున్నది ఆ ఒక్క ఫైలుకే పనికొస్తుంది.

మరి అందరు సీనియర్లూ ఇలా ఎందుకు చేయరు అంటే, వాళ్లలో చాలామందికి భయం ఉంటుంది. అంతా చెప్పేస్తే ఇక నన్ను ఎవరు లెక్కచేస్తారు అని. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ముప్పై ఏళ్ల సర్వీసులో వాళ్లకి దక్కిన గౌరవం అంతా "ఆయన్ని అడగండి, ఆయనకే తెలుసు" అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది, జీతంలో లేదు, హోదాలో లేదు. దానికి తోడు మనమే ఒక చెడ్డ అలవాటు చేశాం. పని తెలిసిన మనిషి ఆయనొక్కరే అని రిటైరయ్యాక ఓఎస్డీ (ప్రత్యేకాధికారి) అనో కన్సల్టెంట్ అనో మళ్లీ తెచ్చుకుంటాం. అలాంటప్పుడు ఎవరికీ చెప్పకపోతేనే లాభం అన్న పాఠం మనమే నేర్పుతున్నట్టు. రిటైరైనవాళ్లని పిలవొద్దని నేను అనను. పిలిస్తే ఫైళ్లు చూడటానికి కాకుండా ఫలానా ఇద్దరికి ఈ పని నేర్పి అప్పగించడానికే పిలవాలి, అది ఉత్తర్వులోనే రాయాలి. సర్వీసులో ఉన్న చివరి ఏడాది ఎంతమందికి పని నేర్పారన్నది వీడ్కోలు సభలో రిజిస్ట్రార్ గారు పేర్లతో సహా చెప్పినా చాలు, ఎంత తేడా వస్తుందో.

ఇంకా కష్టమైన సంగతి ఒకటుంది, దాని గురించి మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడరు. పర్మినెంట్ పోస్టులు ఏళ్ల తరబడి నింపకపోవడంతో చాలా సెక్షన్లలో అసలు పని తెలిసినవాళ్లు ఔట్‌సోర్సింగ్ వాళ్లు, టైమ్‌స్కేల్ వాళ్లు (పర్మినెంట్ కాకుండా పే స్కేలు మాత్రం ఉన్నవాళ్లు), కాంట్రాక్టు వాళ్లు. పదేళ్లుగా, పదిహేనేళ్లుగా అదే సీటులో ఉన్నవాళ్లున్నారు. రిజల్ట్ ప్రాసెసింగ్‌లో ఎక్కడ ఏ తప్పు రావడానికి అవకాశముందో వాళ్లకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ఫైలు మీద సంతకం పెట్టే అర్హత లేదు, సీనియారిటీ లిస్టులో పేరు లేదు, ఏజెన్సీ మారితే జీతం కూడా ఆగుతుంది. ఏ నెలలో మానేస్తారో తెలియదు, మానేస్తే మనం అడగడానికి ముఖం కూడా ఉండదు. వీళ్లని లెక్కలోకి తీసుకోకుండా రేపటి మనుషుల్ని తయారుచేస్తాం అంటే నేను నమ్మను. నియామకాలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, సరే. ట్రైనింగ్‌కి పంపడం, అనుభవానికి సర్టిఫికెట్ ఇవ్వడం, రేపు నోటిఫికేషన్ వస్తే అనుభవానికి వెయిటేజీ ఇవ్వాలని పాలకమండలి తరఫున ప్రభుత్వానికి రాయడం, ఇవి యూనివర్సిటీ చేతిలో ఉన్నవే.

ఇదంతా కింది స్థాయి గోల అనుకునేవాళ్లు ఒకసారి పైకి చూడాలి. తెలంగాణలో వీసీ పదవీకాలం మూడేళ్లు. 2019 జూలైలో చాలా యూనివర్సిటీల వీసీల గడువు అయిపోతే 2021 మే దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులు. 2021లో వచ్చినవాళ్ల గడువు 2024 మేలో అయిపోయింది, మళ్లీ ఇన్‌ఛార్జులే, అక్టోబర్‌లో గానీ కొత్తవాళ్లు రాలేదు. ఆ అధికారులకి సొంత శాఖల పని ఉంటుంది, వారానికోసారి వస్తే గొప్ప. వీసీ మారితే రిజిస్ట్రార్, కంట్రోలర్, డీన్లు, డైరెక్టర్లు వరసగా మారతారు. నియామక ఉత్తర్వు ఇచ్చిన రోజే గడువు ఎప్పుడు తీరుతుందో తెలుసు, సెర్చ్ కమిటీని ఆరునెలల ముందు వేయడానికి ఏ చట్టమూ అడ్డం రాదు.

2020 జాతీయ విద్యా విధానంలో ఈ సంగతి చాలా స్పష్టంగా రాశారు. నాయకత్వ లక్షణాలున్న అధ్యాపకుల్ని ముందుగానే గుర్తించి మెట్టు మెట్టుగా బాధ్యతలిచ్చి తయారుచేయాలని, పదవులు ఖాళీగా ఉండకూడదని, దిగిపోయేవాళ్లూ వచ్చేవాళ్లూ కొంతకాలం కలిసి పనిచేయడం మామూలు పద్ధతి కావాలని. ఆ విధానంలో నాకు ఒప్పుకోలేనివి వేరే ఉన్నాయి గానీ, ఈ భాగం మాత్రం ఎవరో యూనివర్సిటీ ఆఫీసులో కూర్చుని బాధపడ్డవాళ్లే రాశారనిపించింది.

ఒక ప్రొఫెసర్ గారిని ఉన్నట్టుండి కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌గా వేస్తారు. నిన్నటిదాకా ఆయన కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఉన్నారు, మంచి పరిశోధకుడు. ఇవాళ్టి నుంచి లక్షల జవాబు పత్రాలు, స్పాట్ వాల్యుయేషన్ క్యాంపులు, పేపర్ లీకైందంటూ అర్ధరాత్రి ఫోన్లు. ఎంత టెన్షన్! ముందు ఒక రెండేళ్లు అడిషనల్ కంట్రోలర్‌గా ఉండి వస్తే ఆ మనిషి బాగుపడేవారు, విద్యార్థులూ బాగుపడేవారు. యూనివర్సిటీలకి నాణ్యత గ్రేడ్లిచ్చే సంస్థ నాక్ పని అయినా అంతే. ఐక్యూఏసీ (యూనివర్సిటీలో నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ ఒక్కరే ఏళ్ల డేటా అంతా తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని మోస్తుంటారు, ఆయన మారితే వచ్చేవాళ్లు మళ్లీ డిపార్ట్‌మెంట్లకి ఈమెయిళ్లు పెట్టుకుంటూ మొదటికొస్తారు. నాక్ ఆరో క్రైటీరియన్ పేరే పాలన, నాయకత్వం, నిర్వహణ.

ట్రైనింగ్ సంగతికొస్తే అధ్యాపకులకి ఎంతో కొంత ఉంది. 1987లో యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మొదలుపెట్టింది, తర్వాత అవి హెచ్‌ఆర్‌డీసీలు (హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ సెంటర్లు) అయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. 2018లో లీప్ అని యూనివర్సిటీ నాయకత్వం కోసమే ఒక కార్యక్రమం తెచ్చారు, రెండు వారాలు మన దేశంలో, ఒక వారం విదేశంలో శిక్షణ. మా బోధనేతర సిబ్బందికి అలాంటివి చాలా తక్కువ. అప్పుడప్పుడు రెండు మూడు రోజుల వర్క్‌షాప్, అదీ ఎక్కువగా కంప్యూటర్ మీద. రిటైర్మెంట్ బెనిఫిట్స్ ఎలా లెక్కకట్టాలి, కోర్టు కేసులో కౌంటర్ ఎలా తయారుచేయాలి, సమాచార హక్కు దరఖాస్తుకి గడువులోగా ఏం జవాబివ్వాలి, ఇవి రోజూ ఎదురయ్యేవి, వీటికి ఎవరూ పిలవరు.

సమయం లేకపోయిందా అంటే అదీ కాదు. 2021లో తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61 అయింది, మా దగ్గరా అదే అమలైంది. మూడేళ్లపాటు వయసు మీరి దిగిపోయినవాళ్లే లేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 60 నుంచి 62కి పెంచినప్పుడు ప్రభుత్వ ఉద్యోగుల్లో అలాగే రెండేళ్లు దొరికాయి. ఆ ఏళ్లలో మా సెక్షన్లలో తర్వాతి వరసని తయారుచేసుకుని ఉండొచ్చు, ఎవరూ ఆ ఊసెత్తలేదు, 2024 వచ్చేసరికి రిటైర్మెంట్లు ఒకేసారి మొదలయ్యాయి. 2025 జనవరిలో యూజీసీ వేతనాలున్న తెలంగాణ యూనివర్సిటీ అధ్యాపకులకి 60 నుంచి 65 చేశారు. డిపార్ట్‌మెంట్లు మూతపడకుండా నిలబడ్డాయి, సంతోషం. కానీ కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లే లేని చోట ఈ ఐదేళ్లు ఎవరికి నేర్పడానికి? నియామకాలు ఇప్పుడు జరిగితేనే పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి పనిచేసే రోజులు కొన్నయినా ఉంటాయి.

మా సెక్షన్ వరకు వస్తే, వచ్చే జూన్‌లో ఇద్దరు దిగిపోతున్నారు. మా తరంలో చాలామందికి స్కూల్లో వేసేటప్పుడు జూనో జూలైయో పుట్టినతేదీగా రాయించేశారు కాబట్టి జూన్ అంటే మా దగ్గర ఎప్పుడూ రిటైర్మెంట్ల నెలే. ఇద్దరిలో ఒకరి సీటుకి మనుషులున్నారు, పని వచ్చు. రెండో సీటు అకౌంట్స్ వైపుది, పెన్షన్ ఫిక్సేషన్లు, అంటే ఎవరికెంత పెన్షన్ వస్తుందో లెక్కకట్టడం, చూస్తారు, ఆ పని ఇంకెవరికీ రాదు. ఈ వారం రిజిస్ట్రార్ గారికి నోట్ పెడుతున్నాను. లిస్టులో తర్వాతి ఇద్దరినీ ఇప్పుడే ఆ సెక్షన్‌కి మార్చాలని, అక్కడ ఎప్పట్నుంచో పనిచేస్తున్న ఔట్‌సోర్సింగ్ అబ్బాయిని వాళ్లతోపాటు ట్రైనింగ్‌లో కూర్చోబెట్టాలని, జనవరి నుంచి ఫిక్సేషన్ నోట్లు వాళ్లే రాయాలని, ఇప్పుడు ఆ సీటులో ఉన్న ఆయన దిద్దాలని అడుగుతున్నాను. ఆ ఇద్దరు వదిలి వచ్చే సెక్షన్లలో వాళ్ల సీట్లు ఎవరు చూస్తారో కూడా అనుబంధంగా పెట్టాను, ఎందుకంటే ఇలాంటి నోట్లు ఆగేది సాధారణంగా ఆ ప్రశ్న దగ్గరే. మీ యూనివర్సిటీలో ఎవరైనా ఇలాంటి మార్పిడి చేసి ఉంటే, పోస్టింగ్ ఉత్తర్వులు ఏ పేరుతో ఇచ్చారో, ఆడిట్‌ వాళ్లు అభ్యంతరం పెట్టారో లేదో చెప్పండి, నోట్‌లో జతచేస్తాను.